ఎడమ స్పీకరు

"రాయి మీద నీ పేరు వద్దు నాన్నా," అంది డార్లా, గుమ్మంలోకి వస్తూనే, కోటైనా విప్పకుండా.

హోబర్ట్ తల తిప్పలేదు. రికార్డు ప్లేయరుకున్న రెండు స్పీకర్లలో ఎడమ దానికి చెవి ఆనించి కూర్చున్నాడు. కుడి స్పీకరు తీగ ఊడి నేల మీద పడివుంది. భార్య నెల్డా పోయి ఆరు వారాలు. ఆరు వారాలుగా ఆయనకి అదే మూల, అదే పాట, అవే కన్నీళ్ళు.

"వినపడిందా? సమాధి రాయి చెక్కే ఆయన మధ్యాహ్నంలోగా చెప్పమన్నాడు. మామూలుగా అయితే మొగుడూ పెళ్ళాల పేర్లు రెండూ చెక్కేసి, బతికున్నవాళ్ళ తారీఖు ఖాళీగా వదుల్తారు. అమ్మ పక్కన నీ పేరు ఉండటానికి నేను ఒప్పుకోను."

"ఒక్క నిమిషం తల్లీ. ఈ చరణం అయిపోనీ."

డార్లాకి ఒళ్ళు మండిపోయింది. ఒపాల్ హెండ్రీ పాడిన ఆ పాట తెలియని ఇల్లు ఈ కెంటకీ కొండల్లో లేదు. పెళ్ళిళ్ళలో కొత్త జంటలు దానికే అడుగులు కలుపుతారు. విడిపోయినవాళ్ళు దానికే ఏడుస్తారు. ఈ ఇంట్లో మాత్రం అది వినపడేది కాదు. రేడియోలో మొదలైతే చాలు, గిన్నెలు తోముతున్న అమ్మ తడి చేతులతోనే వచ్చి కట్టేసేది. నాన్న తప్పు చేసినవాడిలా తన బూట్ల వంక చూసుకునేవాడు.

అలా ఎందుకో అంత్యక్రియల మర్నాడు గాని డార్లాకి అర్థం కాలేదు. అమ్మ సొరుగు సర్దుతుంటే దుప్పట్ల అడుగున ఈ రికార్డు దొరికింది. అట్ట మీద ఒపాల్ నవ్వుతున్న ఫోటో, దాని కింద సిరాతో ఒక వాక్యం: 'ఆ మూడు రోజులూ మరిచిపోలేను. ఒపాల్.' పాపం అమ్మ, ఇన్నేళ్ళూ ఆ అట్టని గుండెల మీద కుంపటిలా మోసింది. ఈయనేమో అమ్మ కన్ను మూసీ మూయగానే దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎంత నెమ్మదిగా నడుస్తుందో చూడు," అన్నాడు హోబర్ట్. "తొందరపెట్టావంటే ఈ పాట చచ్చిపోతుంది. మూడో పాదం ముందు ఆ ఊపిరి తీసుకోవడం విను. గుండె రాయి చేసుకుని గడప దాటుతున్నట్టు ఉండదూ?"

"ఆవిడ ఊపిర్లు లెక్కపెట్టడానికి రాలేదు నేను. ఆ మూడు రోజుల సంగతేంటి?"

ఆయన రికార్డు మీంచి సూది ఎత్తాడు.

"నాష్‌విల్‌లో, ఈ పాట రికార్డు చేసినప్పుడు. మా పెళ్ళికి నెల ముందు."

"సిగ్గు లేకుండా చెప్తున్నావే! ఆ తర్వాత?"

"తర్వాత ఒపాల్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, మళ్ళీ రమ్మని. అప్పటికి నువ్వు కడుపులో ఉన్నావు. నేను దాన్ని పొయ్యిలో పడేశాను. మీ అమ్మ చూసింది."

"చూసి?"

"ఏమీ అన్లేదు. మొక్కజొన్న రొట్టె మాడిపోకుండా తీసి నా కంచంలో పెట్టింది. ఇరవయ్యారేళ్ళు, మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు."

డార్లాకి ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ అంతే. చర్చిలో కూడా గొంతెత్తి పాడేది కాదు. వెనక బెంచీలో నిలబడి, అందరి గొంతులకీ కింద మెల్లగా వరస కలిపేది. ఎందుకమ్మా అలా అంటే, "అందరూ పైకెక్కితే కింద పట్టుకునేదెవరే?" అని నవ్వేసేది.

"నువ్వన్నదే నిజం. నా పేరు వద్దు," అన్నాడు హోబర్ట్. "ఆమె పేరొక్కటే చెక్కించు, పెద్దక్షరాలతో. ఎక్కడో ఒకచోట ఆమె పేరు ఉండాలి."

పోట్లాడదామని వచ్చిన మనిషికి ఎదుటివాడు అంత తేలిగ్గా తలొంచితే కోపం రెట్టింపవుతుంది. పాట మళ్ళీ మొదటికి తిప్పాడాయన.

"వినేదేదో సరిగ్గా విను! దొంగచాటుగా ఒక్క చెవితో ఎందుకూ?" అంటూ డార్లా వంగి కుడి స్పీకరు తీగ తగిలించింది.

ఒపాల్ గొంతు గదంతా నిండిపోయింది. 'గడియ వెయ్యలేదు నేను, దారి మరిచావేమోనని...'

హోబర్ట్ ఉలిక్కిపడ్డాడు.

"తీసెయ్! ఆవిడ గొంతు నాకొద్దు!"

డార్లా నిర్ఘాంతపోయింది. "ఆవిడ వద్దా? మరి ఎవరికోసం ఏడుస్తున్నావు నాన్నా?"

ఆయనే తీగ పీకేశాడు. ఒపాల్ మాయమైపోయింది.

"అప్పట్లో అసలు పాడేవాళ్ళని ఒక స్పీకర్లో పెట్టేవాళ్ళు, వెనక వరస కలిపేవాళ్ళని రెండో దాంట్లో," అన్నాడు. "అట్ట మీద ఒక్కళ్ళ పేరే వేసేవాళ్ళు. ఇలా రా."

డార్లా మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ స్పీకరుకి చెవి ఆనించింది. స్టీల్ గిటారు సాగి సాగి మూలుగుతోంది. దాని కింద మరో గొంతు, మంద్రంగా, పాట జారిపోకుండా పట్టుకున్నట్టుంది. మూడో పాదం ముందు అది ఊపిరి తీసుకుంది.

పాడుతున్నది అమ్మ.