వంత

తన పాటల ఆల్బమ్ విడుదలైన పొద్దున సుగుణ పాలకోవా పట్టుకొని పత్తిచేనుకు పోయింది. అందులో సగం పాటలు తను కట్టినవి, సగం చిన్నమ్మ బుచ్చవ్వ దగ్గర నేర్చుకున్నవి. తోటి ఆడవాళ్లతో కలుపు తీస్తున్న బుచ్చవ్వ బిడ్డను చూసి మురిసిపోయి, తను నేర్పిన పాత పాట ఒకటి ఎత్తుకుంది.

అందరి మెడలకూ ఉన్నట్టే ఆమె మెడకూ పాటపట్టీ ఉంది. ఒకరి పాట ఇంకొకరు పాడితే అది ఊరుకోదు, కరెంటు కొడుతుంది. చిటపటమంది. బుచ్చవ్వ గిలగిల కొట్టుకుంటూ సాళ్లలో పడింది. పెదవి చిట్లి నెత్తురు కారింది.

"ఈ పాట సుగుణగారిది. ఇతరులు పాడరాదు," అంది పట్టీ, ఎంతో మర్యాదగా.

"నాది కాదు, అందరిది!" అని అరిచింది సుగుణ. అప్పుడు తట్టింది. పాడేవాళ్లు ఆఖరి చరణంలో తమ పేరు కలుపుకోవడం వాళ్ల వాడుక. స్టూడియోలో ఆమె కూడా అలవాటుకొద్దీ కలిపింది. పాటలు నమోదు చేసే యంత్రం దాన్నే సొంతదారు పేరుగా రాసుకుంది.

"నా పేరు పెట్టకపోయినా బాగుండు చిన్నమ్మా."

"ఎందుకు పెట్టొద్దే? నేను పెట్టుకోలేదా, మా అవ్వ పెట్టుకోలేదా?" బుచ్చవ్వ నెత్తురు ఉమ్మి లేచింది. "నీ పట్టీ నిన్నేమనదు గద. నువ్వెత్తుకో. వంత మేమిస్తం."

సుగుణ మొదటి చరణం పాడింది. ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో వంత అందుకున్నారు. పట్టీలన్నీ ఒక్కసారే చిటపటమన్నాయి. కాలిన చర్మం వాసన చేనంతా కమ్ముకుంది.

పడినవాళ్లు ఒకరినొకరు పట్టుకొని లేచారు. కమిలిన మెడలు నిక్కించి సుగుణ వైపు చూశారు.

"రెండోది ఎత్తుకోవేందే?" అంది బుచ్చవ్వ.