ఫీజు మాఫీ కాగితం

“ఇది చెల్లదు, నానాయ్.”

పెద్దావిడని అక్కడి మాటలో అమ్మా అన్నట్టే పిలుస్తూ, కోర్టు గుమాస్తా ఎస్కానో కాగితాన్ని కిటికీలోంచి వెనక్కి తోశాడు. నాలుగున్నర కావస్తోంది. ఐదింటికి కిటికీ మూసేస్తారు.

“ఎందుకు చెల్లదు నాయనా? అన్నీ రాశాను కదా!” ఎండుచేపలమ్ముకునే లుదివీనా కిటికీ ఊచలు గట్టిగా పట్టుకుంది.

“చేత్తో రాశావు. టైపు చేయించాలి. నాలుగు ప్రతులుండాలి, ఒక్కటే తెచ్చావు. అన్నిటికన్నా ముందు ఫీజు కట్టాలి. ఆరు వేల పెసోలు.”

లుదివీనా రుమాలు మూట విప్పింది. ఎన్నిసార్లు చూసుకున్నా అందులో తొమ్మిది వందలే ఉన్నాయి. తెల్లారితే, ఆమె ఇల్లున్న చోటు తమదంటున్న రిసార్టు వాళ్ళ బుల్డోజరు వస్తుంది. ఈలోగా జడ్జిగారు ఆపమని రాసిస్తేనే ఆమె ఇల్లు, దాని కిందున్న స్థలం దక్కేది.

“ఉచిత లాయరున్నాడుగా, ఆయన దగ్గరికి పోకపోయావా?”

“పోయాను. సోమవారం దాకా సెలవట. బుల్డోజరుకి సెలవు లేదు కదా, సర్!”

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడే అటుగా వెళ్తున్న జడ్జిగారు ఆగి, చెయ్యి చాపి ఆ కాగితం అడిగి తీసుకున్నారు.

“‘ఈ స్థలం నాది. మా తాత నుంచి మా నాన్నకి, మా నాన్న నుంచి నాకు వచ్చింది.’ బాగానే రాశావమ్మా. ఎస్కానో, ఏమిటి అడ్డం?”

“ప్రతులు లేవు, యువర్ హానర్. ఫీజూ లేదు.”

“ఇల్లు కూలాక ప్రతులు నాలుగుంటే ఏం, నలభై ఉంటే ఏం? ప్రతులు మనమే తీయిద్దాం. చేతిరాత నాకు అర్థమవుతోంది. ఫీజు మాఫీ చేద్దాం, పేదవాళ్ళ ప్రమాణపత్రం రాయించు. రిసార్టు లాయరు ఇవాళ ఇక్కడే ఎక్కడో కనిపించాడు, ఆయన్నీ పిలిపించు.”

లుదివీనాకు ప్రాణం లేచొచ్చింది. ఎస్కానో ఆదరాబాదరాగా బల్లసొరుగులోంచి అచ్చు కాగితం ఒకటి లాగి, పేరు నింపి ఆమె ముందు పెట్టాడు. అంతా ఇంగ్లీషే.

“ఇందులో ఏముంది నాయనా?”

“నువ్వు పేదదానివని ఉంది. అందరిచేతా ఇదే పెట్టిస్తాం. అవతల గడియారం చూడు, ముందు సంతకం పెట్టు.”

“దానికి కాగితమెందుకు, నా చెప్పులు చూస్తే తెలియట్లా?” అంటూనే సంతకం పెట్టింది.

కోర్టు గదిలో జడ్జిగారు ఆమె చేత కుడిచెయ్యి ఎత్తించారు. “ఈ కాగితంలో ఉన్నదంతా నిజమేనా?”

“దేవుడి మీద ఒట్టు, ప్రతి ముక్కా నిజమే!”

ముద్ర పడింది. ఐదింటికి ఇంకా ఏడు నిమిషాలున్నాయి. లుదివీనా రుమాలుతో కళ్ళొత్తుకుంది. ఎవరి కాళ్ళ మీద పడాలో తెలియక గోడకున్న సిలువకే దణ్ణం పెట్టింది.

జడ్జిగారు రిసార్టు లాయరు దురాన వైపు తిరిగారు. “ఫీజు కట్టలేదనీ, ప్రతులు లేవనీ మీరేమైనా అభ్యంతరం చెబుతారా?”

దురాన లేచి నిలబడి, లుదివీనా వైపు తిరిగి వినయంగా తలవంచాడు.

“అబ్బే, లేదు యువర్ హానర్. బీదవాళ్ళని ఆదుకోవాల్సిందే. మాఫీకి మేం మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాం. ఒక్కటే మనవి. నానాయ్ ఇప్పుడు ప్రమాణం చేసిన ఆ కాగితాన్ని మా తరఫు సాక్ష్యంగా రాసుకోండి. మూడో పేరా మాత్రం ఆవిడకి తెలిసే భాషలో ఒకసారి చదివించండి.”

ఎస్కానో కాగితం అందుకుని మూడో పేరా మీద కళ్ళు పరిగెత్తించాడు. అతని మొహం పాలిపోయింది. జడ్జిగారు చదవమన్నట్టు చూశారు.

“‘నాకు సొంతమని చెప్పుకోడానికి... ఎక్కడా... జానెడు నేల కూడా లేదు.’”