గోడలో గేదె

"ఇది మూడోది. నాలుగోది వచ్చిన రోజు ఈ హాలుకి తాళం వేసుకుపోతాను టీచరమ్మా" అంటూ హాలు ఓనరు ఉత్తరాన్ని హార్మోనియం మీద పెట్టాడు.

సంతకం లేని కాగితం. టీచరమ్మ చదివింది. 'మీ పాటల మీద నాకేం పగ లేదు. పొద్దంతా ఒళ్లు హూనం చేసుకొచ్చి నడుం వాలుస్తానా, మీ స్పీకరు డబ్బాలు మొదలెడతాయి. మా గోడలో గేదె ఈనుతున్నట్టు ఒకటే మూలుగు. ఆ గేదె ఎప్పటికి ఈనేను, నేనెప్పటికి పడుకునేను?'

పక్కగోడ అవతల నాలుగు వాటాలున్నాయి. ఎవరు రాశారని ఆరా తీస్తే ఉన్న గొడవకి కొమ్ములు మొలుస్తాయని ఆమె ఎవర్నీ అడగలేదు. రేపు సాయంత్రమే తొలి కచేరీ. కుట్టుమిషన్ల ముందు నుంచి లేచి, బస్సు స్టీరింగులు వదిలి వచ్చి, ఏడాదిగా గొంతులు సవరించుకున్నవాళ్లు ముప్ఫైమంది. ఈ హాలు పోతే వాళ్లని కూర్చోబెట్టడానికి ఆమెకు జానెడు చోటు లేదు.

"రేపు ఆ డబ్బాలు పెట్టనండీ. వేరేవి చేయిస్తున్నాను" అంది.

అప్పుడే వడ్రంగి రెండో చెక్కని మోసుకొచ్చి మొదటిదాని పక్కన నిలబెట్టాడు. వారం కిందట పిలవకుండానే వచ్చి, విరిగిన కుర్చీలేమైనా ఉన్నాయా అని అడిగి, కుర్చీలకంటే స్పీకర్ల వంకే ఎక్కువసేపు చూసిన మనిషి.

ఓనరు చెక్కల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. పాత బల్లల పైచెక్కలు. ఒక్కోదానికి రెండేసి గుండ్రటి కన్నాలు. వాటిలో పాత డబ్బాల్లోంచి ఊడదీసిన స్పీకర్లు. వెనకవైపు తీగలూ అయస్కాంతాలూ అన్నీ ఆరుబయటే.

"వెనక చెక్క ఎప్పుడు బిగిస్తావు?"

"బిగించనండీ. ఇంతే."

"చొక్కాకి ముందుభాగం కుట్టి ఇంతే అన్నట్టుందయ్యా నీ పని."

వడ్రంగి నొచ్చుకోలేదు. స్పీకరు ముందుకి ఎంత మోగుతుందో వెనక్కీ అంతే మోగుతుందని, డబ్బాలో పెట్టి మూస్తే ఆ వెనక మోత దారి లేక డబ్బానే వణికిస్తుందని, ఆ వణుకు నేలలోంచి గోడల్లోకి పాకుతుందని నెమ్మదిగా చెప్పాడు. డబ్బా తీసేస్తే వణకడానికేమీ ఉండదు. ఇక మోత సంగతంటారా, ముందూ వెనకే దాని రాజ్యం.

"తలుపుని ఇద్దరు చెరోవైపు నుంచి ఒకే బలంతో తోస్తే కదులుతుందా అండీ? చెక్క అంచు దగ్గర జరిగేదీ అదే. ముందు మోతా వెనక మోతా ఒకదాన్నొకటి తోసుకుని అక్కడే చల్లబడతాయి. అంచు ఎటు తిప్పితే అటు నిశ్శబ్దం."

అంటూనే రెండు చెక్కల్నీ అంచులు పక్కగోడకి తిరిగేలా నిలబెట్టాడు. వెనక నాలుగడుగులు ఖాళీ వదిలాడు. టీచరమ్మని నిన్నటి క్లాసు రికార్డింగు పెట్టమని, "ఒక్క నిమిషం" అని బయటికి వెళ్లాడు. వచ్చి, ఒక చెక్కని వేలెడు జరిపి, నేలమీద సుద్దగీత గీశాడు. మళ్లీ "ఒక్క నిమిషం" అన్నాడు. అలా నాలుగుసార్లు. నాలుగోసారి వచ్చేటప్పటికి ఒకవైపు జుట్టు అణిగిపోయి, అందులో ఓ దూదిపింజ చిక్కుకుని ఉంది. టీచరమ్మ చూసింది గానీ పట్టించుకునే స్థితిలో లేదు.

ఆమె ఆఖరి వరసలో కూర్చుని వింటోంది. పాత డబ్బాల్లో డోలు అంటే రోకటిపోటే. ఇప్పుడు అరచేయి దెబ్బేదో, వేలిదెబ్బేదో విడివిడిగా తెలుస్తోంది. టైలరు పైస్థాయి అందుకునే ముందు తీసిన చిన్న ఊపిరి కూడా వినపడింది. ఏడాదిగా నేర్పిన గొంతుని ఆమె ఇవాళే కొత్తగా విన్నది. బల్లచెక్కకి కన్నం పెట్టి ఈ మనిషి పాటకి ఊపిరి పోశాడనుకుంది.

ఓనరు మాత్రం తల ఊపలేదు. తనే వెళ్లి పక్కసందులో, గోడకి చెవి ఆనించి నిలబడ్డాడు. కాసేపటికి విసుగ్గా తిరిగొచ్చాడు.

"నేను అటు వెళ్లగానే పాట ఆపేస్తే ఎలా తెలుస్తుందమ్మా?"

పాట ఆగలేదు. అతని మాట పూర్తయ్యేసరికి అతనికీ వినపడింది. గుమ్మంలోనే నిలబడి ఒకసారి చెక్కల్నీ, ఒకసారి వడ్రంగినీ చూశాడు. తర్వాత హార్మోనియం మీది ఉత్తరం తీసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇక నాలుగో ఉత్తరం రాదులే" అన్నాడు.

"రాదండీ" అన్నాడు వడ్రంగి, మరీ ధీమాగా.

టీచరమ్మ కూలి మాట ఎత్తితే వద్దన్నాడు. ఆ సుద్దగీతలు మాత్రం చెరగనివ్వొద్దని, ఊడ్చేటప్పుడు చెక్కలు జరిపినా మళ్లీ వాటిమీదే పెట్టాలని రెండుసార్లు చెప్పి సంచీ భుజాన వేసుకున్నాడు.

"కూలి ఎలాగూ తీసుకోవు. రేపు కచేరీకైనా రా బాబూ, నీకు ముందు వరసలో కుర్చీ వేస్తాను" అంది ఆమె.

"రాక తప్పుతుందా టీచరమ్మా" అన్నాడు వడ్రంగి జుట్టులోని దూది తీసుకుంటూ. "ఇన్నాళ్లూ మంచం మీద పడుకునే వినేవాణ్ణి. ఇవాళ్టితో ఆ గేదె కాస్తా ఈనేసింది."