పదిహేడో నంబరు పెళ్ళికొడుకు

నెల్లూరులో రైలెక్కగానే పిచ్చమ్మ కళ్ళు పదిహేడో నంబరు బెర్తును వెతుక్కున్నాయి. కిందిబెర్తు. కిటికీ పక్కన ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ఆమె చేతుల్లో బరువు చూసి లేచొచ్చి, సంచీ అందుకుని సీటు కిందికి తోశాడు. పిచ్చమ్మ మనసులోనే ఒక మార్కు వేసుకుంది.

కామాఖ్య అమ్మవారి దర్శనానికి అస్సాం పోతున్నానని ఊళ్ళో చెప్పింది గానీ, ఆమె పోయేది పెళ్ళికొడుకును పరీక్ష చేయడానికి. మనవరాలు రేవతికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు ముఖేష్. అస్సాంలో చమురు కంపెనీ ఉద్యోగం. సెలవు అయిపోయి ఈ రైల్లోనే వెనక్కి పోతున్నాడు.

పిచ్చమ్మది సముద్రం ఒడ్డు పాళెం. ఒకే పడవలో మూడు రోజులు వేటకు పోయొస్తే ఎవడి గుణమేమిటో తేలిపోతుందని అక్కడ అందరూ అంటారు. కానీ ఆడది పడవెక్కకూడదు. రైలెక్కడానికి ఏ అడ్డూ లేదు కదా అన్నది పిచ్చమ్మ. రేవతిని పురిటి గుడ్డల్లోంచి పెంచింది తనే. ఎవడి చేతిలో పెట్టాలో తేల్చేదీ తనే.

సంబంధం తెచ్చిన గిరిబాబుకు గూడూరులో టిక్కెట్లు తీసే షాపుంది. పెళ్ళిళ్ళు కుదర్చడం పక్క వ్యాపారం. అబ్బాయి టిక్కెట్టు తీసింది అతనే. పదిహేడుకు ఎదురుబెర్తు పిచ్చమ్మకు తీసిచ్చిందీ అతనే. ఫోనులో ఫోటో కూడా చూపించాడు. నల్లద్దాలు, గడ్డం. ఈ కాలం కుర్రోళ్ళందరికీ అదే గడ్డం, అదే క్రాఫు. ఫోటోతో తనకేం పని, నంబరుందిగా అనుకుంది పిచ్చమ్మ.

కొడుకు పోలేరయ్య మాత్రం ఒకటికి పదిసార్లు జాగ్రత్త చెప్పాడు. పేరు అడగొద్దన్నాడు. పేరడిగితే ఊరడుగుతారు, ఊరడిగితే వరసలు కలుస్తాయి, గుట్టు కాస్తా బయటపడుతుంది. మగపెళ్ళివారికి తెలిస్తే పరువు పోతుంది. పిచ్చమ్మ నోటికి తాళం వేసుకుని, కళ్ళు మాత్రం తెరిచిపెట్టుకుంది.

పదిహేడో నంబరు పచ్చి బంగారం. స్టేషనొస్తే దిగి ఆమెకు నీళ్ళు పట్టుకొచ్చాడు. పొద్దునే లేచి దుప్పటి మడతపెట్టాడు. బీడీ లేదు, గుట్కా లేదు. పూటకోసారి ఇంటికి ఫోను చేసి అమ్మ మాత్రలు వేసుకుందా లేదా అని కనుక్కున్నాడు. ఒరిస్సా దాటేసరికి పిచ్చమ్మ దగ్గర మార్కులు అయిపోయాయి.

వచ్చిన చిక్కల్లా వాడి నెత్తిమీద పైబెర్తులో ఉన్నవాడితోనే. వాడూ తెలుగువాడే, అదొక ఖర్మ. పగలూ రాత్రీ గురక. గురక లేనప్పుడు ఫోనులో డాన్సులు, పెట్టె మొత్తానికీ వినిపించేట్టు. వేరుశనక్కాయలు ఒలిచి తొక్కలు కిందికి వదిలేవాడు. అవి తిన్నగా వచ్చి పిచ్చమ్మ ఒళ్ళో పడేవి.

రెండో రోజు మధ్యాహ్నం పిచ్చమ్మ అసలు పరీక్ష పెట్టింది. మామిడికాయ వేసి వండుకొచ్చిన వంజరం చేపల పులుసు. ఒకరోజు ఊరి మరీ రుచి పట్టింది. మగవాడు నలుగురిలో ఏ ముక్క తీసుకుంటాడో చూస్తే చాలు, సంసారం ఎట్లా చేస్తాడో చెప్పేయొచ్చు. ఇది పిచ్చమ్మ సొంత శాస్త్రం. గిన్నె మూత తీసి మధ్యలో పెట్టింది.

పదిహేడో నంబరు కుర్రాడు, పక్కనున్న బెంగాలీ ముసలాయనకు ముందు వడ్డించాడు. తను తోకముక్క తీసుకున్నాడు. పిచ్చమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వాసనకు పైనున్నవాడు లేచాడు. అడగనైనా అడగకుండా దిగొచ్చి తలకాయ ముక్క లాక్కున్నాడు. గిన్నె అడుగు దాకా ఊడ్చాడు. వేళ్ళు నాక్కుంటూ, “పులుసు బాగుందవ్వా, ఉప్పే కొంచెం తగ్గింది” అని సర్టిఫికెట్టిచ్చి మళ్ళీ పైకెక్కాడు.

పిచ్చమ్మకు ఒళ్ళు మండిపోయింది. పదిహేడో నంబరు వైపు వంగి, గొంతు తగ్గించి అన్నది.

“వీణ్ణి కట్టుకునేది ఎవరో గానీ అబ్బయ్యా, ఆ పిల్ల పూర్వజన్మలో ఎవరి ఉసురో పోసుకునుంటుంది.”

కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. ఎదుటివాణ్ణి చాటున కూడా ఒక్క మాట అనలేదు. దానికీ మార్కు వేద్దామంటే ఆమె దగ్గర మిగల్లేదు.

మూడో రోజు అస్సాంలోకొచ్చాక ఫోనుకు సిగ్నలు తగిలింది. పిచ్చమ్మ తలుపు దగ్గరికి పోయి కొడుక్కి ఫోను చేసింది. అక్కడ మగపెళ్ళివారు వచ్చి కూర్చునే ఉన్నారట. పాళెం పెద్దలూ ఉన్నారట. పెద్దామె మాట కోసమే చూస్తున్నారు.

“తాంబూలాలు మార్చుకోరా. ఇంతకంటే మంచి పిల్లోణ్ణి దీపం పెట్టి ఎతికినా తేలేము.”

పోలేరయ్య ఇంకోసారి ఆలోచించమన్నాడు. పెద్దల ముందు తాంబూలం మారాక మాట వెనక్కి తీసుకోవడం పాళెంలో ఎన్నడూ లేదు. ఆలోచించేదేం లేదు, కానీయమన్నది పిచ్చమ్మ. అర్ధగంటకు వాడే ఫోను చేసి అయిపోయిందన్నాడు. తాంబూలాలు మారాయి, ముహూర్తం వచ్చే నెల్లో.

పిచ్చమ్మ కళ్ళు తుడుచుకుని వచ్చి కూర్చుంది. కాబోయే మనవడి వైపు తనివితీరా చూసుకుంది. సంచీలోంచి అరిసెలు తీసి వాడి చేతిలో పెట్టింది. ఎందుకవ్వా అన్నాడు. ఊరకే తిను నాయనా అన్నది.

అంతలో పైబెర్తులో ఫోను మోగింది. పైవాడు ఆవలిస్తూ ఊ కొట్టాడు, మళ్ళీ ఊ కొట్టాడు, సరేలే అని పెట్టేశాడు.

ఆపైన తల కిందికి వేలాడేసి, “అన్నా, నా పదిహేడో నంబరు నీకిచ్చి నీ బెర్తులో హాయిగా నిద్రపోయినానా, లేచేలోపల మా నాయన నాకు పెళ్ళి కుదిర్చేసినాడు” అన్నాడు.