చెదిరిన బొట్టు

"పిడికిలి బిగించండి. ఇప్పుడు మెల్లగా వదలండి," అంది వణుకు తగ్గించడానికని ఆస్పత్రివాళ్లు చేతికి తొడిగిన కంకణం. ఊళ్లో అరవై దాటిన ఏ చేతికి చూసినా అదే కంకణం, పొద్దున్నే అదే పాఠం. మూడు నెలల్లో హైమావతమ్మ చేతివణుకు మంత్రమేసినట్టు తగ్గిపోయింది.

వణికే రోజుల్లో ఎదురు ఫ్లాటు అవంతి రోజూ వచ్చేది. గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, ఉంగరపు వేలితో కుంకుమ దిద్ది, "ఇప్పుడు చూడండి పిన్నిగారూ, ఎంత కళగా ఉన్నారో!" అనేది. చెయ్యి కుదుటపడ్డాక, ఇక తనతో పనేముందని రావడం మానేసింది. అప్పట్నుంచీ ఇంకో మనిషి చెయ్యి ఆవిడకు తగల్లేదు.

ఈవేళ అద్దం ముందు చక్కగా, గుండ్రంగా బొట్టు పెట్టుకుంది హైమావతమ్మ. కాసేపు చూసుకుని, కావాలనే బొటనవేలితో కనుబొమ్మ దాకా పులిమేసి, వెళ్లి గుమ్మంలో నిలబడింది.

లిఫ్టు కోసం వచ్చిన అవంతి ఆగింది. "అయ్యో పిన్నిగారూ, బొట్టంతా చెదిరిపోయిందే!"

హైమావతమ్మ గబుక్కున గడ్డం పైకెత్తి కళ్లు మూసుకుంది.

"కంకణం సరిగ్గా పనిచెయ్యట్లేదేమో. కొత్తది పంపమని ఆస్పత్రివాళ్లకి చెప్తాలెండి," అన్న మాట వినిపించింది. ఆ వెనకే లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు.

ఎత్తిన గడ్డం దించడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది.