బీరువా తాళం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని తెలుగువాళ్ల హాల్లో క్యారమ్స్ ఆడుతూ మావారు సాయంత్రం ఐదూ పదికి కుప్పకూలారు. ఆగిన గుండెకు షాక్ ఇచ్చే మిషను అక్కడి చెక్క బీరువాలోనే ఉంది. ఆ హాలు బాగోగులు చూసేది నేనే; ఎవరైనా పాడుచేస్తారని తాళం వేయించిందీ నేనే. తాళంచెవి ఎప్పుడూ నా నడుముకే ఉంటుంది.

మా మరిది కొడుకు, రైలు గార్డు తిరుమలరావు, స్కూటర్ మీద తెలిపారాలోని మా ఇంటికి వచ్చి నన్ను తీసుకెళ్లాడు. నేను బీరువా తెరిచేసరికి ఐదూ ఇరవై మూడు. అప్పటికి ఆయన గుండెలో కదలికే లేదు. ఇక షాక్ పనికిరాదని మిషనే చెప్పింది.

పన్నెండో రోజు తిరుమలరావును నిలదీశాను.

"అంతమంది మగాళ్లున్నారే, ఆ చెక్క తలుపు పగలగొట్టలేకపోయారా?"



"సుత్తి నా చేతిలోనే ఉంది పెద్దమ్మా. తాళం నీది కదా, పగలగొడితే నువ్వేటంటావోనని భయమేసింది."