బ్లేడుకు అందని పేజీలు

లైబ్రేరియన్ ఫోన్ చేసింది. "సార్, మన పరిశోధన పత్రికలో ఎవరో కోసేసిన పేజీలు దొరికాయండీ! ఇంకో ఊళ్ళో కాపీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎవరైనా ఊరికే చదువుకోవచ్చు. పది చోట్ల భద్రం చేశారట. ఇక ఏ వెధవ బ్లేడూ పనిచెయ్యదు."

ఆ వెధవను నేనే. నలభై ఏళ్ల కిందట నా ఆలోచనతో వచ్చిన వ్యాసం మీద మిత్రుడి పేరొక్కటే కనిపించింది. ఒళ్లు మండి, శీర్షిక దాటి చదవకుండానే కోసి తగలబెట్టాను.

వాడు పోయేదాకా, ఎదురుపడినప్పుడల్లా అడిగేవాడు: "చివరిదాకా చదివావురా?"

వెక్కిరింపనుకుని మొహం తిప్పుకునేవాణ్ని.

"చివరి పేజీలో మీ పేరుంది సార్, చూడండి," అంది లైబ్రేరియన్ ఫోన్‌లో.

ఇంటర్నెట్‌లో ఆ పేజీ తెరిచాను. నా పేరు రాసి, కింద వాడన్నాడు: "ఈ ఆలోచన ఇతనిది. రాసిన చెయ్యి మాత్రమే నాది."